మెడ పదిహేనున్నర

జనవరి 8

మెడ 18½. ఛాతీ 48. నడుము 51. జబ్బ 16. మణికట్టు 8. బరువు 112 కిలోలు, క్లినిక్కులో చూశారు.

నలభై ఏళ్ళుగా ఈ పుస్తకంలో ఊరందరి కొలతలూ రాశాను. నావి రాయడం ఇదే మొదలు. టేపు వీపు వెనక నుంచి ముందుకు తెచ్చుకుందామంటే చెయ్యి అందలేదు. ఒక కొస గోడ మేకుకు తగిలించి నేనే గుండ్రంగా తిరిగాను. పక్క కొట్టు ఇస్త్రీ ఆయన తొంగి చూసి, "ఏంటి మాస్టారూ, డాన్సు నేర్చుకుంటున్నారా?" అన్నాడు. లేదన్నాను.

ముప్ఫై కిలోలు తగ్గమంది డాక్టరమ్మ. బీపీ ఉంది, షుగరుంది, గుండె చుట్టూ కొవ్వు ఉందిట. అందుకే తగ్గుతున్నాను. ఇంకేం లేదు.

జనవరి 9

మొన్న ఆదివారం సంగతి రాయాలని కూర్చున్నాను. రాయను.

జనవరి 10

రాస్తాను.

అమ్మాయికి కుట్టిన జాకెట్టు ఇద్దామని వెళ్ళాను. వాళ్ళది మా కొట్టుకు ఎదురు మేడ, మూడో అంతస్తు. యాభై నాలుగు మెట్లు. అల్లుడు లిఫ్టు మెకానిక్కు. ఊరందరినీ పైకెక్కిస్తాడు, పెళ్ళాన్ని మాత్రం మెట్లెక్కిస్తాడు అని పెళ్ళిలో అందరం నవ్వుకున్నాం.

ముప్ఫై ఆరో మెట్టు మీద ఉండగా పైన ఏదో పడింది. తర్వాత అమ్మాయి గొంతు. తర్వాత దెబ్బ. అరచెయ్యి చప్పుడు వేరు, పిడికిలి చప్పుడు వేరు. అది పిడికిలి.

కాలు లేవలేదు. ఆయాసంతో ఊపిరి అందలేదు. మెట్టు మీద కూలబడ్డాను. ఇంకా పద్ధెనిమిది మెట్లున్నాయి. దెబ్బలు వింటూ కూర్చున్నాను. పదకొండు. ఎక్కడో మిషను కూడా నడుస్తోంది. మేడలో ఎవరో కుట్టుకుంటున్నారు.

నేను పైకి చేరేసరికి అంతా సద్దుమణిగింది. అమ్మాయి తలుపు తీసి, "ఎప్పుడొచ్చావు నాన్నా?" అంది. పెదవి వాచి ఉంది. అల్లుడు లోపల్నించి వచ్చి, "మామయ్యగారూ, ఇంత పైకి మీరెందుకెక్కారు? కబురు పెడితే నేనే దిగేవాణ్ణిగా" అని తన చేత్తోనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. గ్లాసు పట్టుకున్న వేళ్ళ కణుపులు ఎర్రగా ఉన్నాయి.

తాగాను.

జనవరి 11

అమ్మాయి పేజీ తిరగేశాను. జాకెట్టు చేతుల పొడుగు: పెళ్ళయిన ఏడు 7. మరుసటేడు 10. తర్వాత 16. కిందటేడు 22, కాలరు కూడా పెట్టమంది. చలిగా ఉంటోంది నాన్నా అంది. అప్పుడు మండుటెండలు.

కుట్టిచ్చాను. బాగా కుదిరాయంది.

జనవరి 27

109. పొద్దున అరగంట నడక. తిండి సగం.

ఫిబ్రవరి 14

ఇంటావిడ రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "అదేంటండీ, ఇంకాస్త" అంది. వద్దన్నాను. గరిటె పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

ఆమె వడ్డించేటప్పుడు ఎప్పుడూ నాకు ఎడంపక్కనే నిలబడుతుంది. పెళ్ళయిన కొత్తల నుంచీ అంతే. అలవాటు.

ఫిబ్రవరి 23

నడుము 48. బెల్టుకు కొత్త బెజ్జం పొడిచాను.

మధ్యాహ్నం ఎదురు మేడ నుంచి మిషను చప్పుడు వినబడింది. మా సందు ఇరుకు, పైన కిటికీ తీసి ఉంటే అన్నీ వినబడతాయి. అమ్మాయి కుట్టుకుంటోంది. అంటే ఇవాళ బాగానే ఉందన్నమాట. నిమ్మళంగా పని చేసుకున్నాను.

చప్పుడు కొంచెం తేలిగ్గా ఉంది. దారం అయిపోయింది కాబోలు.

మార్చి 9

అమ్మాయి కొట్టుకు వచ్చింది, మనవరాలిని వెంటబెట్టుకుని. దానికి అయిదేళ్ళు. ముద్దుగా గువ్వ అంటాం. రాగానే మిషను కిందికి దూరింది.

"ఇంట్లోనూ ఇంతే నాన్నా. పిలిస్తే రాదు, మిషను కిందే కూర్చుంటుంది" అంది అమ్మాయి.

"నువ్వూ అంతే. దీని ఈడప్పుడు మిషను కింద దూరి చేతుల్తో తొక్కేదానివి. నెత్తురులోనే ఉంది" అన్నాను.

పోయేటప్పుడు అడిగాను. ఆ మాట అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. "వచ్చెయ్యమ్మా ఇంటికి."

"ఎక్కడికి?"

"మీ అమ్మ దగ్గరికి."

అమ్మాయి నవ్వింది. "అమ్మ ఎక్కడికి వెళ్ళింది నాన్నా?"

ఆ మాట నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్ 6

101. నడుము 45½. మెడ 17.

ఇవాళ నిలబడి కిందికి చూస్తే నా పాదాలు కనబడ్డాయి. గోళ్ళు చాలా పెరిగి ఉన్నాయి. కుర్చీలో కూర్చుని నేనే తీసుకున్నాను. గురక తగ్గిందని ఇంటావిడ చెప్పింది. సంతోషించినట్టు లేదు. గురక పెడుతుంటే నేనెక్కడున్నానో తనకు తెలిసేది అంది.

ముప్ఫై ఆరు మెట్లు ఆగకుండా ఎక్కాను. ఎవరైనా చూస్తే చెప్పడానికి చేతిలో గుడ్డల సంచీ పెట్టుకున్నాను.

ఏప్రిల్ 7

డాక్టరమ్మ రిపోర్టులు చూసి, "పెద్దాయనా, మీలాంటి పేషెంటు నాకు ఇంకొకరు లేరు. ఇంత పట్టుదల ఎక్కణ్ణించి వచ్చింది?" అంది.

మే 4

పిడికిలి బిగిస్తే నాలుగు ఎముకలు పైకి తేలాయి. ఇన్నేళ్ళూ ఇవి ఎక్కడున్నాయో. బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. ఎప్పుడో ఊరొదిలి పోయినవాడు తిరిగొచ్చినట్టు ఉంది.

జీన్సు గుడ్డ పది మడతలు వేసి ఒక్క పట్టున కత్తిరించాను. కత్తెర కసక్కున దిగింది. మెడ ఇంత గట్టిగా ఉండదు.

మే 5

పైది కొట్టెయ్యాలి. కొట్టెయ్యను. కొట్టేసినా కనబడుతుంది, పెన్సిలు కాదుగా.

జూన్ 15

94. నడుము 42. మణికట్టు 7.

పెళ్ళి ఉంగరం జారి అన్నం పళ్ళెంలో పడింది. పాతికేళ్ళ పైగా వేలిలో కూరుకుపోయి ఉంది. సబ్బు పెట్టినా, నూనె పెట్టినా వచ్చేది కాదు. కడిగి బల్ల మీద పెట్టాను. దాని అంచు ఒకచోట పదును. ఇంటావిడకు కుడి కనుబొమ్మ మీద ఒక గాటుంది. వెంట్రుక మొలవదక్కడ.

కాసేపటికి ఉంగరం బల్ల మీద లేదు. ఎక్కడ పెట్టావని అడిగితే, "నాకు కనబడనిచోట" అంది.

జూన్ 16

గాటు గుమ్మం తగిలి పడింది. అప్పుడు అందరికీ అలాగే చెప్పాం.

జూన్ 22

మళ్ళీ మిషను చప్పుడు. గంట సేపు. పాపం ఆదివారాలు కూడా కుట్టుకుంటోంది.

జులై 13

90.

జులై 20

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంటావిడ మంచినీళ్ళు కుడిపక్క పెట్టబోయి, నా చెయ్యి కదిలితే ఉలిక్కిపడింది. గ్లాసు పడింది. నేను తుడుచుకోవడానికి గుడ్డ కోసం చెయ్యి ఎత్తానంతే. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. అరవై రెండేళ్ళ మనిషి.

"ఏంటిది? ముప్ఫై ఏళ్ళయింది నీ మీద చెయ్యి వేసి" అన్నాను.

చేతులు దించింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, కొలత తీస్తున్నట్టు. "ఎందుకు వెయ్యలేదో తెలుసా?" అంది. "బుద్ధొచ్చి కాదు. నేనే మేపాను నిన్ను. మూడోసారి, నాలుగోసారి వడ్డించాను. నాకు లేకుండా చేసి పెట్టాను. తింటే కునుకు పడతావు. ఒళ్ళొస్తే లేవలేవు. ఎనిమిదేళ్ళు పట్టింది. ఒకరోజు నా మీదికి లేవబోయి ఆయాసమొచ్చి మళ్ళీ కుర్చీలో కూలబడ్డావు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. ఇప్పుడు నువ్వు అదంతా కరిగించేస్తున్నావు."

నలభై ఏళ్ళలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు.

జులై 21

ఏమీ లేదు.

జులై 22

ఏమీ లేదు.

జులై 27

నేను తగ్గుతున్నది అమ్మాయి కోసం. ఇంటావిడకు అది అర్థం కాదు. అది వేరు, ఇది వేరు.

ఆగస్టు 10

87. నడుము 39. జబ్బ 13, కానీ గట్టిగా ఉంది.

కొట్టులో చెక్క బొమ్మ ఉంది, కుట్టిన బట్ట తొడిగి చూసేది. మధ్యాహ్నం ఎవరూ లేరు. ఒక్కటి కొట్టాను. బాగుంది. ఇంకోటి కొట్టాను. అల్లుడి మొహం అనుకుని ఎన్ని కొట్టానో తెలియదు. మెడ దగ్గర మేకు ఊడి తల కింద పడి దొర్లింది.

ఇస్త్రీ ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో మడతపెట్టిన నాలుగు చొక్కాలు. తలకాయ వైపు చూసి, "మాస్టారూ, పాపం ఆవిడేం చేసింది?" అన్నాడు.

అప్పుడు చూశాను. బొమ్మ ఆడబొమ్మ. ముప్ఫై ఏళ్ళుగా మా కొట్టులో ఉన్నది ఆడబొమ్మే.

మేకు కొట్టి తల బిగించాను. కొంచెం పక్కకు తిరిగింది.

ఆగస్టు 31

మెడ 15½.

అల్లుడి పేజీ తీశాను. పెళ్ళి కోటుకు తీసుకున్న కొలతలు. మెడ 15½. నడుము నాకంటే రెండంగుళాలు తక్కువ. చెయ్యి 24, నాదీ అంతే. అతను కుట్టమని ఇచ్చి తీసుకెళ్ళని చొక్కా ఒకటి ఉంటే వేసుకుని చూశాను. పొట్ట దగ్గర తప్ప నాకే కుట్టినట్టుంది. అద్దంలో చూసి వెంటనే విప్పేశాను. తొందరలో రెండు గుండీలు తెగాయి.

సెప్టెంబరు 14

యాభై నాలుగు. ఆగకుండా. పైన నిలబడి మెడ మీద వేలు పెట్టి చూసుకున్నాను. నాడి నిదానంగానే ఉంది. నోరు మూసుకుని ఊపిరి తీయగలిగాను. తలుపు అవతల వాళ్ళు నవ్వుకుంటున్నారు, టీవీలో ఏదో చూసి. గువ్వ కూడా నవ్వుతోంది.

తలుపు కొట్టకుండా దిగొచ్చాను.

సెప్టెంబరు 28

రెండు వారాలుగా ఏ గొడవా లేదు. నాకు చిరాగ్గా ఉంది.

అక్టోబరు 5

ఈ వారమూ ఏమీ లేదు. కూర్చుంటే పిడికిలి దానంతటదే బిగుసుకుంటోంది. అమ్మాయి కొట్టుకు వస్తే ముందు ఆమె మెడ చూశాను, మణికట్లు చూశాను. ఏమీ కనబడలేదు.

నిరాశ పడ్డాను. ఇది నేను రాస్తున్నాను. నేనే రాస్తున్నాను.

అక్టోబరు 19, ఆదివారం

మధ్యాహ్నం రెండున్నర. కోటు గుడ్డ కత్తిరిస్తున్నాను. ఎదురు మేడలో మిషను మొదలైంది. అమ్మాయి కుట్టుకుంటోంది అనుకుని కత్తెర ఆడించాను. నాలుగు కత్తిరింపుల తర్వాత చెయ్యి ఆగింది.

సూది దగ్గరి పాదం కింద గుడ్డ ఉంటే మిషను బరువుగా నడుస్తుంది. సూది దిగినప్పుడల్లా ఒక పట్టు ఉంటుంది. ఇది గలగలా పోతోంది. ఖాళీ మిషను. ఫిబ్రవరిలో విన్నదీ ఇదే. జూన్‌లో విన్నదీ ఇదే. మెట్ల మీద కూర్చుని విన్నదీ ఇదే. నలభై ఏళ్ళ పనివాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి.

పైకి చూశాను. కిటికీ ఊచలకు అమ్మాయి వీపు కొట్టుకుంది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మిషను ఆగలేదు.

మెట్లు లెక్కపెట్టలేదు. పైకి చేరాకే చూసుకున్నాను, కత్తెర చేతిలోనే ఉంది. తలుపు గడియ లేదు. తోశాను.

అమ్మాయి గోడవారన కూలబడి ఉంది. ముక్కు నుంచి కారుతోంది. కాలరు దాకా తడిసింది. అల్లుడు ఆమె జుట్టు పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి వదిలి, చేతులు తుడుచుకున్నాడు. "మామయ్యగారా. రండి. ముందు కూర్చోండి. కాస్త ఊపిరి పీల్చుకోండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. నవ్వాడు కూడా.

నాకు ఆయాసం లేదు. అది అతనికి అర్థమయ్యేలోగా కత్తెర కింద పడేశాను. మంచితనం వల్ల కాదు. చేత్తోనే కావాలనిపించింది.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది దవడ మీద. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. నోరు పక్కకు పోయింది. అతను నా గుండెల మీద గుద్దాడు. తగిలినట్టే లేదు. చొక్కా కాలరు పట్టుకుని లాగి గోడకు కొట్టాను. ఆ కాలరు నేను కుట్టిందే, రెండు వరుసల కుట్టు. చిరగలేదు. మళ్ళీ కొట్టాను. కింద పడితే మీద కూర్చుని కొట్టాను. పన్ను ఒకటి నా కణుపులో దిగింది. పీకి పారేసి కొట్టాను. చెయ్యి తేలిగ్గా లేస్తోంది, తేలిగ్గా దిగుతోంది. అంత హాయి నాకు ఎన్నో ఏళ్ళుగా లేదు. అబద్ధం ఎందుకు రాయాలి.

"నాన్నా, చచ్చిపోతాడు" అంటోంది అమ్మాయి. విన్నాను. ఆగలేదు.

మిషను కూడా ఆగలేదు.

నేనొస్తే అది ఆగుతుందని నా లెక్క. నేను తలుపు తోసినప్పటి కంటే గట్టిగా, వడిగా పోతోంది. చెయ్యి ఎత్తి ఉంచే అటు చూశాను. మిషను కింద గువ్వ. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతుల్తో పెడలు నొక్కుతోంది. కళ్ళు వాళ్ళ నాన్న వైపు లేవు, వాళ్ళమ్మ వైపు లేవు. నా చెయ్యి వైపు ఉన్నాయి. అది లేచిన కొద్దీ నొక్కుతోంది. కొట్టేది ఎవరన్నది దానికి అక్కర్లేదు. చప్పుడు వినబడకుండా ఉంటే చాలు.

కొట్టు వెనకాలే మా ఇల్లు. మధ్యలో పరదా ఒక్కటే అడ్డం. నేను పరదాకు అవతల ఉండగా, ఇవతల అయిదేళ్ళ పిల్ల మిషను కింద కూర్చుని తొక్కేది. నా కూతురికి పుట్టుకతోనే పనితనం వచ్చిందని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఖాళీ మిషను తొక్కితే పాడైపోతుందని దాన్ని కోప్పడేవాణ్ణి కూడా.

చెయ్యి దించాను. మిషను నెమ్మదించింది. నేను లేచి గోడ దాకా వెనక్కి నడిచాక ఆగింది.

అక్టోబరు 20

చెయ్యి వాచింది. మిగతాది తర్వాత రాస్తాను.

అక్టోబరు 23

అల్లుడు ఆసుపత్రిలో ఉన్నాడు. దవడకు తీగె కట్టారు, గొట్టంతో తాగుతున్నాడట. స్టేషనులో నన్ను రెండు పూటలు కూర్చోబెట్టి రాయించుకుని పంపారు, మళ్ళీ పిలిస్తే రావాలి. అమ్మాయి అంతా చెప్పింది. జాకెట్టు చేతులు పైకి మడిచి ఇన్‌స్పెక్టరుకు చూపించింది. జైలుకు పంపితే వెళ్తాను.

అమ్మాయి, గువ్వ మా ఇంట్లోనే ఉన్నారు. ఇస్త్రీ ఆయన వాళ్ళ మిషను భుజాన పెట్టుకుని యాభై నాలుగు మెట్లు దించాడు. "మాస్టారూ, ఇంత బరువు పైకెలా ఎక్కించారండీ?" అన్నాడు. అతను హాస్యం ఆడకపోవడం మొదటిసారి చూశాను.

అక్టోబరు 26

81. నడుము 37½. డాక్టరమ్మ కట్టు మారుస్తూ, "గుండె కుర్రాడి గుండెలా ఉంది" అంది. చేతికి ఏమైందని అడగలేదు. ఊరికి తెలుసు.

మధ్యాహ్నం నలుగురం కూర్చున్నాం. గువ్వ పళ్ళెం పట్టుకుని నా కుడిపక్కదాకా వచ్చింది. ఆగింది. చుట్టూ తిరిగి ఎడంపక్కకు పోయి కూర్చుంది. దానికి ఎవరూ చెప్పలేదు.

ఇంటావిడ చూసింది. అమ్మాయి చూసింది. నేను పళ్ళెం ముందుకు జరిపి, "ఇంకాస్త పెట్టు" అన్నాను.

గరిటె ఎత్తలేదామె.

"పెట్టు. ఇదివరకట్లా పెట్టు."

"పెట్టను" అంది. "ఒకసారి మోశాను ఆ చాకిరీ. ఇక నా వల్ల కాదు. నీ చెయ్యి నువ్వే చూసుకో."

నవంబరు 9

మూడు వారాలుగా కొట్టు తెరవలేదు. ఇవాళ తెరిచాను. చెక్క బొమ్మను ఇస్త్రీ ఆయనకు ఇచ్చేశాను. "మళ్ళీ కొట్టరుగా?" అన్నాడు. లేదన్నాను.

నవంబరు 16

గువ్వ కొట్టులోకి వచ్చింది. మిషను కిందికి దూరలేదు. స్టూలు అంచున కూర్చుంటే కాలి వేళ్ళు పెడలుకు అందాయి. నేను సూదిలో దారం ఎక్కించి, పాత గుడ్డ ముక్క ఒకటి పాదం కింద పెట్టి పక్కకు జరిగాను.

"తాతా, నువ్వు అక్కడ కూర్చో" అని గుమ్మం చూపించింది.

పోయి కూర్చున్నాను. తొక్కలేదు. నా వైపే చూస్తోంది.

"చేతులు?" అంది.

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తొక్కింది. గుడ్డ ఉన్న చప్పుడు. కుట్టు వంకరగా వచ్చింది.

అది లోపలికి పోయాక టేపు పరిచి కొలిచాను. మిషను నుంచి గుమ్మంలో నేను కూర్చున్న చోటికి 94 అంగుళాలు.

నవంబరు 17

94.

నవంబరు 18

94.

నవంబరు 20

94. ఇవాళ చేతులు అడగలేదు. అయినా పెట్టుకున్నాను.